మలంచా లాండ్రీకి వేసిన మోడల్

ఆదివారం పొద్దున మా అమ్మ ఫోను పట్టుకుని నా గదిలోకి వచ్చింది. “అత్త నీతో మాటాడతాదట. బ్యాంకుకి ఏదో కాయితం కావాలంట. నువ్వు ఆఫీసులో సేసే పని లాంటిదేనట,” అంది.

అత్త మాకు చుట్టం కాదు. మేం ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లో ఉన్న రోజుల్లో పక్క క్వార్టర్ ఆవిడది. నర్సు. మూడు తరాల కిందట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయిన క్రైస్తవ కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే, డ్యూటీ దిగి యూనిఫాం కూడా మార్చకుండా మా ఇంటికొచ్చి జ్వరం చూసి, కాగితం మీద రాసిపెట్టి వెళ్లేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. సర్వీసు ఇంకా కొన్నేళ్లు ఉండగానే నడుము పట్టేసి ఉద్యోగం మానుకుంది. ఆ ఊళ్లోనే మలంచా పేటలో తన జీతం డబ్బుతో కట్టుకున్న చిన్న ఇల్లు ఉంది. దాని వెనక రేకుల షెడ్డు వేసి లాండ్రీ పెట్టింది. లాడ్జీల దుప్పట్లు, రెండు చిన్న నర్సింగ్ హోంల పక్కబట్టలు, బ్యూటీ పార్లర్ల తువ్వాళ్లు ఉతికేవారు. రెండు వాషింగ్ మెషీన్లు, నీళ్లు పిండే మెషీన్ ఒకటి, పనికి ముగ్గురు ఆడవాళ్లు. ఆరబెట్టడం మాత్రం మేడ మీద, తాళ్ల మీదే.

నేను కోల్‌కతాలో ఒక కంపెనీలో అనలిస్టుగా చేరి అప్పటికి మూడేళ్లు. వారంలో రెండు రోజులు ఖరగ్‌పూర్ నుంచి లోకల్ రైలెక్కి ఆఫీసుకు వెళ్లేదాన్ని, మిగతా రోజులు ఇంటి నుంచే పని. ఎవరో కొత్త ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటారు. దానికి పెట్టుబడి ఎంత, ఏటా అమ్మకం ఎంత, ఖర్చు ఎంత, ఆఖరికి మిగిలేది ఎంత అని ఎక్సెల్‌లో లెక్క కట్టాలి. దాన్నే ఫైనాన్షియల్ మోడల్ అంటారు. నేను లెక్క కట్టిన ఫ్యాక్టరీల్లో ఒక్కదాన్నీ కళ్లతో చూడలేదు. అమ్మకాలు ఏటా పన్నెండు శాతం పెంచమని పైవాళ్లు చెబితే పన్నెండు వేసేదాన్ని. పన్నెండే ఎందుకని అడగాలని ఎప్పుడూ తోచలేదు.

ఫోనులో అత్త సంగతంతా చెప్పింది. ఊరి చివర కొత్తగా ఒక పెద్ద ఆసుపత్రి తెరిచారు. రోజుకు మూడు వందల బట్టలు ఉతికి ఇవ్వగలరా అని అడిగారు. బట్టకు ఇరవై రూపాయలు, అంటే నెలకు లక్షా ఎనభై వేలు. అప్పటికి ఆవిడ నెల రాబడంతా కలిపినా అందులో సగం ఉండదు. కానీ అంత పని చెయ్యాలంటే పెద్ద వాషర్ ఒకటి, వేడిగాలితో బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ ఒకటి కొనాలి. రెండూ కలిపి పన్నెండు లక్షలు. తొమ్మిది బ్యాంకు అప్పుగా ఇస్తుంది, మూడు తాను పెట్టుకోవాలి. బ్యాంకు మేనేజరు “ప్రొజెక్షన్ తీసుకురండి దీదీ” అన్నాడట.

“ప్రొజెక్షన్ అంటే ఏటే?”

“వచ్చే ఐదేళ్లలో నీ లాండ్రీ ఎలా నడుస్తాదో ముందే లెక్క కట్టడం అత్తా.”

“అది నాకెలా తెలుస్తాది?”

“ఎవరికీ తెలీదు. కొన్ని అనుకుని వేస్తాం. వచ్చే ఆదివారానికి నేను వేసి తెస్తానులే.”

వారంలో మోడల్ కట్టేశాను. ఐదేళ్లకు ఐదు గడులు, లాభనష్టాల షీటు, బ్యాలన్స్ షీటు, నగదు షీటు, రంగు రంగుల శీర్షికలు. ఐదేళ్లలో వచ్చే డబ్బును ఇవాళ్టి విలువకు మార్చి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే బాగానే మిగులుతోంది. పని చెయ్యదగ్గదే అని మోడల్ తేల్చింది. ఆదివారం చర్చి అయ్యాక రమ్మంటే, ల్యాప్‌టాప్ తీసుకుని సైకిల్ మీద మలంచా వెళ్లాను.

షెడ్డులో ఇస్త్రీ బల్ల మీద దుప్పటి పక్కకు జరిపి ల్యాప్‌టాప్ పెట్టమంది. కళ్లజోడు తుడుచుకుని కూర్చుంది. పది నిమిషాల్లో చూపించి సంతకం చేయించుకుని వచ్చెయ్యొచ్చనుకున్నాను. మూడు గంటలు పట్టింది.

“ఇవాళ్టి విలువ ఏటి? రూపాయి రూపాయే గదా,” అని మొదలుపెట్టింది.

“వచ్చే ఏడాది నూట పది ఇస్తానని నమ్మకమైన మనిషి అడిగితే, ఇవాళ వంద ఇస్తావు గదా అత్తా. అంటే వచ్చే ఏడాది నూట పదీ, ఇవాళ్టి వందా ఒకటే. ఎంత ఆలస్యంగా వస్తే అంత తక్కువ విలువ.”

“సరే. అప్పుకి వడ్డీ వేసినావు, బాగున్నాది. నా మూడు లక్షలకీ వేసినావేటి? అది నా సొంతం గదా.”

“పోస్టాఫీసులో ఉంటే దానికి వడ్డీ వచ్చేది. అది వదులుకుని ఇక్కడ పెడుతున్నావు. పైగా పోస్టాఫీసులో డబ్బు పోదు, లాండ్రీలో పోవచ్చు. అందుకని ఇంకాస్త ఎక్కువ రావాలని వేసినాను.”

“అయితే ఇన్నాళ్లూ ఈ షెడ్డులో పెట్టిన నా డబ్బుని ఊరికే వొచ్చినట్టు లెక్కేసుకున్నానన్నమాట,” అని నవ్వింది. శిక్షణ తరగతిలో ఇదే సంగతి బుర్రకెక్కడానికి నాకు రెండు వారాలు పట్టింది.

తరవాత తరుగుదల దగ్గర ఆగింది. చేతిలోంచి డబ్బు వెళ్లకుండా ఖర్చు ఎలా రాస్తారని అడిగింది. మెషీన్ డబ్బు మొదటి రోజే కట్టేస్తాం, కానీ అది కొన్నేళ్లపాటు అరుగుతూ పని చేస్తుంది, కాబట్టి ఏ ఏటి అరుగుదలను ఆ ఏటి లాభంలోంచి తీస్తాం అని చెప్పాను. “అయితే లాభం వేరు, సేతిలో డబ్బు వేరు,” అంది. సరిగ్గా అదే మాట నేను అరగంట తరవాత చెప్పాలనుకుని దాచుకున్నాను.

బ్యాలన్స్ షీటులో ఒక వైపు లాండ్రీకి ఉన్నవన్నీ, రెండో వైపు అవి ఎవరి డబ్బుతో వచ్చాయో ఉంటుందనీ, రెండు వైపులా మొత్తం ఒకటే కావాలనీ చూపించాను. ఆవిడ వేలు ఒక వరస మీద ఆగింది.

“ఈ ‘ఇతరాలు’ ఏటి? పద్దెనిమిది వేలు.”

రెండు వైపులా కలవలేదు. పద్దెనిమిది వేలు తేడా వచ్చింది. ఎంత వెతికినా దొరక్క, ‘ఇతరాలు’ అని ఒక వరస చేర్చి సరిపెట్టేశాను. తొందరలో అలా చెయ్యడం ఆఫీసులో అంతకు ముందు చూశాను, నేనూ చేశాను. ఎవరూ పట్టుకోలేదు.

“కలవలేదు అత్తా. చిన్న తేడాయే కదా అని...”

ఆవిడ కోప్పడలేదు. “వార్డులో పేషెంటుకి ఎక్కించిన సెలైనూ తాగిన నీళ్లూ ఒక పక్క, బయటికి పోయినది ఒక పక్క రాస్తాం. రెండిటికీ పొంతన లేకపోతే ఇతరాలని రాయం తల్లీ. ఒంట్లో ఎక్కడో నీరు సేరతన్నాదని అర్థం. ఎతకాల,” అంది. లేచి టీ పెట్టుకొచ్చింది. “రా, ఎతుకుదాం.”

వరస వరసా చదువుతుంటే ఆవిడే పట్టుకుంది. కొత్త మెషీన్లకు లోడు పెంచడానికి కరెంటు ఆఫీసులో డిపాజిట్ కట్టాలి. ఆ అంకె ఆవిడే తెలుసుకొచ్చి నాకు చెప్పింది. దాన్ని నగదులోంచి తీశాను కానీ, అది తిరిగి రావలసిన డబ్బని ఆస్తుల్లో చూపించడం మరిచిపోయాను. సరి చెయ్యగానే రెండు వైపులా కలిశాయి. ‘ఇతరాలు’ వరసను ఆవిడ ఎదురుగానే తీసేశాను. ఆరోజు ఇంటికి వెళ్తూ సిగ్గుపడ్డాను, దానికంటే ఎక్కువగా వచ్చే ఆదివారం కోసం ఎదురు చూశాను.

ఆ వారం ఆవిడ ఊరికే కూర్చోలేదు. డ్రయ్యర్ కరెంటు ఖర్చుకు నేను కంపెనీ కరపత్రంలో ఉన్న అంకె వేశాను. అలాంటి డ్రయ్యరే మేదినీపూర్‌లో ఒకచోట ఉందని తెలుసుకుని, నడుం పట్టీ కట్టుకుని బస్సెక్కి వెళ్లింది. ఒక విడత బట్టలు వెయ్యకముందు, తీశాక మీటరు చూసి అంకెలు రాసుకొచ్చింది. కరపత్రంలో ఉన్నదానికి పావు వంతు ఎక్కువ కాలుతోంది. సబ్బు పొడి ధర గోల్‌బజార్‌లో మూడు హోల్‌సేల్ కొట్లలో అడిగింది. మోడల్‌లో మేం అనుకుని వేసిన అంకెలన్నీ ఒకే షీటులోకి తెచ్చి పెట్టమంది. ఒక్కో అంకె పక్కన అది ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయించింది. ఎవరూ చెప్పనివాటి పక్కన ‘మనం అనుకున్నది’ అని రాయించింది. ఏ గడి మారిస్తే ఏది మారుతుందో నేర్పమని అడిగి, ఒక్క వేలితో టైపు చెయ్యడం మొదలుపెట్టింది. అప్పటికి ఆవిడకు యాభై నాలుగేళ్లు.

మూడో ఆదివారం అసలు ప్రశ్న అడిగింది.

“ఏడాదికొక్క గడేటి? నానైతే జీతాలు నెలనెలా ఇవ్వాల గదా.”

ఏడాది గడిని పన్నెండు నెలలుగా విడగొట్టాను. కొత్త పనికి జీతాలు, సబ్బు, కరెంటు, వ్యాను అన్నీ కలిపి నెలకు లక్షా ఇరవై వేలు. అప్పు వాయిదా ఇరవై వేలు. పాత లాండ్రీలోంచి నెలకు ముప్పై వేలు మిగులుతాయి. తన వాటా మూడు లక్షలు, కరెంటు డిపాజిట్ కట్టాక అత్త దగ్గర ఇంకా రెండున్నర లక్షలు ఉంటాయి. ఆసుపత్రి బిల్లు ఇచ్చిన ముప్పై రోజులకు డబ్బు కడుతుందని వేశాను. రెండో నెలాఖరుకి చేతిలో ముప్పై వేలే మిగిలాయి. తరవాత మెల్లగా పెరుగుతూ పోయింది.

“ముప్పై రోజులకి ఇస్తారని ఎవలు సెప్పినారు?”

“ఎవరూ సెప్పలేదు. మామూలుగా అలా వేస్తాం.”

“నాను అడిగొస్తాను.”

బుధవారం ఫోను చేసింది. అరవై రోజులు. ఆ గడిలో ముప్పై తీసేసి అరవై వేశాను. మూడో నెల గడి ఎర్రబడింది. ఎనభై వేలు మైనస్. మూడు నెలలు ఆసుపత్రి బట్టలు ఉతికి, జీతాలిచ్చి, వాయిదాలు కట్టాక, మొదటి బిల్లు డబ్బు ఇంకా చేతికి రాకముందే అత్త దగ్గర ఉన్నదంతా అయిపోతుంది. అదే ఫైలు అడుగున ఐదేళ్ల లెక్క మాత్రం ఇంకా లాభమే చూపిస్తోంది. రెండూ నిజమే. ఐదేళ్లలో లాభం వచ్చే పనే, మూడో నెలలో ఆగిపోతుంది. అంత సూటిగా నా చదువులో ఎవరూ నాకు చూపించలేదు.

ఇలాంటప్పుడు కంపెనీలు ఏం చేస్తాయో నాకు తెలుసు. బిల్లుల డబ్బు వచ్చేదాకా నడపడానికి వర్కింగ్ క్యాపిటల్ కింద బ్యాంకులో ఇంకో అప్పు తీసుకుంటాయి. అత్తా నేనూ కలిసి బ్యాంకుకు వెళ్లాం. మేనేజరు బెంగాలీ ఆయన, మర్యాదస్తుడు. షీట్లన్నీ ఓపిగ్గా చూశాడు. ఇంత శ్రద్ధగా వేసిన లెక్క ఈ బ్రాంచికి ఇంతవరకూ రాలేదన్నాడు. ఐదు లక్షల దాకా వాడుకునే ఏర్పాటు చేస్తానన్నాడు. “ఠీక్ హై, ఇంటి కాగితాలు పెట్టండి దీదీ. అంతే,” అన్నాడు.

అత్త ఒక్క రోజు టైము అడిగింది. బయట ఆటోలో కూర్చున్నాక నేనే మాట్లాడాను. “మూడు నెలలు దాటితే మరి భయం లేదు అత్తా.”

“దాటితే. అరవై రోజులన్నవాళ్లు తొంభై సేస్తే?”

ఇంటికెళ్లాక తొంభై వేసి చూపించమంది. నాలుగో నెలలో దగ్గర దగ్గర రెండు లక్షలు మైనస్.

“నాకు బిడ్డల్లేరు, మొగుడు లేడు. ఇరవై ఏడేళ్లు నైటు డ్యూటీలు సేసి ఈ ఇల్లు కట్టినాను. దీన్ని ఎవలో బిల్లు ఎప్పుడు ఇస్తారా అన్నదాని మీద పెట్టలేను,” అంది.

మర్నాడు తనే ఆసుపత్రికి వెళ్లి, ముప్పై రోజులకైనా ఇవ్వండి, లేదంటే మొదట వంద బట్టలతో మొదలుపెడతానని అడిగింది. వాళ్లు మర్యాదగానే కుదరదన్నారు. రూలు అందరికీ ఒకటేనన్నారు. అత్త వద్దనేసి వచ్చింది.

నాకు బాగా కష్టమనిపించింది. కళ్లతో చూసిన వ్యాపారానికి నేను వేసిన మొదటి మోడల్ అది. దానితో షెడ్డు పెద్దదవుతుందని, కొత్త మెషీన్లు వస్తాయని మనసులో కట్టేసుకున్నాను. రెండు ఆదివారాలు మలంచా వెళ్లలేదు. మూడో ఆదివారం ఆవిడే ఫోను చేసింది. “ఫైలు నా కంప్యూటర్లో ఎక్కించు. నాను సేసుకుంటాను,” అంది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కుంది.

ఆసుపత్రి పని గోల్‌బజార్ వైపు లాండ్రీ ఉన్న ఇంకొకాయన తీసుకున్నాడు. ఆసుపత్రివాళ్లు చెప్పినట్టే సరిగ్గా అరవై రోజులకు డబ్బు కట్టారు, ఒక్క నెలా తప్పలేదు. రెండేళ్లకు ఆయన కొత్త వ్యాను కొన్నాడు. దాని మీద లాండ్రీ పేరు పెద్ద అక్షరాలతో రాయించాడు. మలంచా రోడ్డు మీద అది కనబడ్డ రోజు, చెప్పాలా వద్దా అని తటపటాయిస్తూనే అత్తతో చెప్పాను.

“మన ఐదేళ్ల లెక్కే నిజమైంది అత్తా.”

ఆవిడ దుప్పటి మడతపెడుతోంది. రెండు చివర్లు కలిపి, ముడత లేకుండా అరచేత్తో సాపు చేసింది.

“అవును, నిజమే అయినాది. ఆయనకి ఎనక బట్టల కొట్టున్నాది. మూడో నెల మైనస్ అయితే గల్లాపెట్టిలోంచి తెచ్చి పూడుస్తాడు. నానెక్కడినించి తెస్తాను? లెక్క ఒకటే, మనుసులు ఒకటి కాదు గదా.”

“నీకు బాధ లేదా?”

“ఎందుకు నేదూ? ఆ వేను సూసినపుడల్లా ఉంటాది. అయినా ఆ రోజు మనకి తెలిసిందెంత? అంతే తెలిసి మళ్లీ అడిగినా, అదే సెప్తాను.”

తరవాత ఉద్యోగంలో చాలామంది పెద్ద పెద్ద నిర్ణయాలు తీసుకోవడం చూశాను. లాభం వస్తే తమ తెలివి, నష్టం వస్తే కాలం బాగాలేదు అనేవాళ్లే ఎక్కువ. తీసుకున్న నిర్ణయాన్ని, వచ్చిన ఫలితాన్ని వేరు చేసి చూడగలిగిన మనిషిని అత్త కాక ఇంకొకరిని నేనెరగను.

ఆవిడ మాత్రం ఆ ఫైలును వదల్లేదు. అందులోనే అంకెలు మార్చుకుని, తాకట్టు లేకుండా దొరికే చిన్న అప్పుతో పాత డ్రయ్యర్ ఒకటి కొంది. వానాకాలంలో మేడ మీద బట్టలు ఆరక లాడ్జీలు తిట్టడం ఆగింది. చిన్న నర్సింగ్ హోంలు, హాస్టళ్లు తిరిగి పని అడిగింది. ధర తరవాత చెబుతాను, డబ్బు ఎన్ని రోజులకిస్తారో ముందు చెప్పండి అనేది. ఒక హాస్టలుకు బట్టకు రెండు రూపాయలు తగ్గించి ఒప్పుకుందని తెలిసి, లాభం పోతోంది కదా అన్నాను. ఆవిడ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. హాస్టలువాళ్లు వారం వారం కడతారు. ఆ ఒక్క మార్పుతో, ఏడాదిలో చేతిలో డబ్బు అన్నిటికంటే తక్కువగా ఉండే నెల కూడా ముందుకంటే నయంగా ఉంది. వచ్చిన ఆ డబ్బుతో సబ్బు పొడి బస్తాలు రొక్కానికి కొంటే ధరలోనూ కొంత కలిసొస్తోంది. నేను పైనుంచి కింద దాకా తప్పు వెతికాను. దొరకలేదు.

నా సంగతి చెప్పాలంటే, ఆఫీసులో ఒకసారి ఒక మోడల్ మీద కూర్చుని, ఏటా పన్నెండు శాతం అమ్మకాలు పెరుగుతాయని ఎవరు చెప్పారని మా పైఅధికారిని అడిగాను. ఆయన విసుక్కున్నాడు. నేను ఆ ప్రశ్న మీదే నిలబడ్డాను. చివరికి కంపెనీకి ఫోను చేసి అడిగితే, వాళ్ల దగ్గరా జవాబు లేదు. తరవాత ఎనిమిదితో మళ్లీ వేశాం. నన్నెవరూ మెచ్చుకోలేదు, కానీ ఆ రోజు సాయంత్రం లోకల్‌లో కిటికీ పక్కన కూర్చుని హాయిగా ఇంటికొచ్చాను.

కిందటేడు అత్త పెద్ద వాషర్ కొనడానికి మళ్లీ బ్యాంకుకు వెళ్లింది. ఈసారి మూడింట రెండు వంతులు తన డబ్బే. తోడు రమ్మంటే వెళ్లాను, నా చేతిలో ఏ కాగితమూ లేదు. మేనేజరు కొత్తవాడు, కుర్రతనం ఇంకా పోలేదు. ఇవాళ్టి విలువకు మార్చడానికి వాడిన రేటు చూసి, “పద్నాలుగు ఎందుకు పెట్టారు దీదీ? అందరూ పన్నెండే పెడతారు,” అన్నాడు. నేను నోరు తెరవబోయాను. అప్పటికే అత్త బెంగాలీలో మొదలుపెట్టింది. మీ అప్పు వడ్డీ ఇంత, అది మూడో వంతుకే. మిగతాది నా డబ్బు, అది పోతే మళ్లీ సంపాదించే వయసు నాకు లేదు, అందుకని దానికి ఎక్కువ అడుగుతున్నాను, ఆ రేటుకూ నిలబడితేనే కొంటాను అని చెప్పింది. ఆయన షీటు మళ్లీ పైనుంచి చదివాడు. డబ్బు ఆలస్యమైతే ఏమవుతుందని అడిగాడు. ఆవిడ రెండో పేజీ తీసి, నలభై ఐదు రోజులకు, అరవైకి, తొంభైకి వేసిన మూడు వరసలూ చూపించింది. మూడింటిలోనూ ఒక్క గడీ ఎర్రగా లేదు.

ఇప్పుడు ఆ షెడ్డులో ఎనిమిది మంది ఆడవాళ్లు పని చేస్తున్నారు. ఆరోజు బ్యాంకు మెట్లు దిగుతూ, ఇంత బాగా ఎలా చెప్పావు అత్తా అని అడిగాను. ఆవిడ గడియారం చూసుకుంది. నాలుగింటికి హాస్టలు బట్టలు పంపాలని, దారిలో ఆటో ఆపడానికి చెయ్యి ఊపుతూ ముందుకు నడిచింది.